రికార్డుకెక్కని ప్రశ్న

ముప్ఫై రెండేళ్లు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేశాను. సాక్షి చెప్పిందీ, వకీలు అడిగిందీ, జడ్జిగారు రాయమన్నదీ నా వేళ్ల మీదుగానే కాగితం ఎక్కేవి. చింతాడ వరహాలు టైపు చేస్తే తప్పు దొరకదని జిల్లా అంతా చెప్పుకునేవారు. నిజమే, దొరకదు. ఒకే ఒక్క వాక్యం ఉంది. అది అసలు టైపే చెయ్యలేదు కాబట్టి ఎవరికీ దొరకలేదు.

ఆ రోజు బోనులో నిలబడింది మైలపిల్లి పోలమ్మ. భీమిలి అవతల సీతాలమ్మపేట వాళ్లది. ఆవిడ మొగుడు కొర్లయ్య ఫైబరు తెప్ప మీద ఒంటరిగా వేటకెళ్లాడు. జతగా వెళ్లాల్సిన తమ్ముడికి ఆ పూట జ్వరం. అప్పుడే పొద్దు పొడుస్తోంది. పెద్ద వలలు లాగే ఇంజను బోటు ఒకటి చిన్న పడవల హద్దులోకి దొంగతనంగా వచ్చి, తిరిగి నడిసముద్రంలోకి పారిపోతూ, ఆ తెప్పను గుద్దేసింది. ఆగకుండా పోయింది. కొర్లయ్య దొరకలేదు, శవమూ దొరకలేదు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెప్ప ముక్క మీద బోటు రంగు అంటుకుని ఉండబట్టి సరంగు దొరికాడు. బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు. పేరు ఓలేటి తాతారావు, కోనసీమ మనిషి. బోటులో ఉన్న జీపీఎస్ పెట్టెను అప్పటికే సముద్రంలో పారేశారు. గుద్దింది ఎక్కడన్నది దాంతోపాటే మునిగిపోయింది.

కోర్టు కాగితాల్లో పోలమ్మ పేరు పోలమ్మ కాదు, పీడబ్ల్యూ వన్, అంటే మొదటి సాక్షి. తాతారావు పేరు ఏ వన్, మొదటి ముద్దాయి. పీడబ్ల్యూ వన్ తన వంతు వచ్చేదాకా వరండాలో నేల మీద కూర్చుంది. పిలిస్తే వచ్చింది. అడిగినవాటికి జవాబులు చెప్పింది. ఇక దిగమన్నప్పుడు దిగకుండా ముద్దాయి వైపు తిరిగింది.

"ఒరే బాబూ, నిన్ను కొట్టను, తిట్టను. మా ఆయన్ని ఎక్కడ ఒదిలీసినావో ఆ సోటు ఒక్కటి సెప్పు."

అవతలి వకీలు చివాల్న లేచి అభ్యంతరం చెప్పాడు. కేసుకు సంబంధం లేని ప్రశ్న అన్నాడు. "అడిగినదానికే జవాబు చెప్పాలమ్మా" అన్నారు జడ్జిగారు. నా వైపు చూసి, "అది రాయక్కర్లేదు" అన్నారు. నా వేళ్లు ఆగిపోయాయి. "నీళ్లలో నేనెవర్నీ చూడలేదు" అని తాతారావు చెప్పిన అబద్ధాన్ని మాత్రం కామాలు, ఫుల్‌స్టాపులతో సహా శుభ్రంగా టైపు చేశాను.

సాయంత్రం వరండాలో పోలమ్మ నా దారికి అడ్డం వచ్చింది. "అమ్మా, నేనడిగింది రాసినావా?"

"రాశానమ్మా" అన్నాను.

తాతారావుకు రెండేళ్ల శిక్ష పడింది. న్యాయం జరిగిందని పేపర్లో వేశారు. ఆ పేపరు చదువుతుంటే నాకు ముద్ద దిగలేదు.

రిటైరయ్యాక మనవల్ని ఆడించుకుంటానని అంతా అనుకున్నారు. నేను పోయి విశాఖపట్నంలో ముఖాముఖి కేంద్రంలో చేరాను. దెబ్బ తిన్నవాళ్లనీ, దెబ్బ కొట్టినవాళ్లనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే చోటది. బలవంతం లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే. శిక్షలో ఒక్కరోజు కూడా తగ్గదు. నాకు నచ్చిందేమిటంటే, అక్కడ మొదటి ప్రశ్న దెబ్బ తిన్న మనిషిది. ఆ ప్రశ్న కేసుకు సంబంధం లేదని లేచి నిలబడే మొనగాడు ఆ గదిలో ఉండడు.

అయితే ఆ కేంద్రంలో మరో సంగతి ఉంది. దాని పేరు చేద.

చేద చేసింది డాక్టర్ విద్యుల్లత. ముప్ఫై అయిదేళ్ల పిల్ల. పేరుకు తగ్గట్టే ఒకచోట నిలబడదు. బావిలో నీళ్లు తోడినట్టు మెదడులోంచి ఒక జ్ఞాపకాన్ని పైకి తోడుతుంది కాబట్టి ఆ యంత్రానికి మా వాచ్‌మన్ పెట్టిన పేరది. సన్న తీగలు అల్లిన రెండు టోపీలు, పక్కపక్కన రెండు వాలుకుర్చీలు. అంతే. నేను చేరిన మొదటి రోజే చూపించమన్నాను. విద్యుల్లత టీ కలుపుతూ చెప్పింది.

"రెండు దశలండీ. మొదటిది, ఒక మనిషి జ్ఞాపకాన్ని పైకి తేల్చడం. అప్పుడా మనిషి ఆ క్షణంలోకి మళ్లీ వెళ్లినట్టే చూస్తాడు, వింటాడు. రెండోది, దాన్ని పక్క కుర్చీలోని మనిషికి అందించడం."

"జిరాక్సులాగా?"

"కాదండీ. మేమూ జిరాక్సే అనుకున్నాం." చెంచా తిప్పుతూనే ఉంది. "మొదటి ప్రయోగం మా నాన్నగారి మీద చేశాను. రైల్వే గార్డు. నేను పుట్టిన రోజును ఆయన దగ్గర తీసుకున్నాను. ఇప్పుడదంతా నా దగ్గరుంది. వాన వాసన, ఆసుపత్రి మెట్ల మీద ఆయన చెప్పు తెగడం, నన్ను చేతుల్లో పెట్టినప్పుడు ఆయన గుండె దడ. టోపీ తీసి, 'నాన్నా, ఆ రోజు వాన పడిందా?' అని అడిగాను. 'నాకేం తెలుసమ్మా, నేనక్కడ లేను కదా' అన్నారు."

టీ గ్లాసు నా చేతికిచ్చింది. ఆ పిల్ల టీలో పంచదార వెయ్యడం మరిచిపోయింది. నేనూ అడగలేదు.

"తిరిగి పెట్టలేవా?"

"ఒకసారి చెయ్యి మారితే మళ్లీ కదలదండీ. మా అమ్మ ఆ రోజు గురించి మాట్లాడితే ఆయన చుట్టంలా వింటారు."

"మరింక ఎందుకమ్మా ఈ యంత్రం!"

"ఎందుకేమిటండీ. తప్పు చేసినవాడికి ఆ జ్ఞాపకం బరువు. బాధపడ్డవాళ్లకి అందులోని నిజం కావాలి. ఇక్కడిది తీసి అక్కడ పెడితే ఇద్దరికీ మేలు."

నాకు ఒళ్లు మండింది. "చేసినవాడు హాయిగా మరిచిపోవడం, పడ్డవాళ్లు మోసుకు తిరగడమా? భలే మేలు!"

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తరవాత నేనే బిస్కట్లు తెప్పించి బుజ్జగించాను. మంచి పిల్ల. కాకపోతే మంచివాళ్లకి తొందరెక్కువ.

ఇలా ఉండగా ఒక దరఖాస్తు వచ్చింది. శిక్ష పూర్తయి బయటికొచ్చిన ఒకడు తన జ్ఞాపకాన్ని ఇచ్చేస్తానని రాశాడు. కింద సంతకం ఓలేటి తాతారావు. కాగితం పట్టుకుని సీతాలమ్మపేట బస్సెక్కాను.

పోలమ్మ ఇంటికి రెండు తలుపులు. సముద్రం వైపు తలుపుకు అడ్డంగా చెక్క కొట్టేసి ఉంది. మేకులు తుప్పు పట్టాయి. ఒకప్పుడు గంపెడు చేపలు నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి ఇప్పుడు జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొడుతోంది. జీడి అంటి వేళ్లు నల్లబడిపోయాయి. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఏటమ్మా, మళ్లీ సాచ్చికమేటి?"

"కాదు పోలమ్మా. ముందు ఒక మాట చెప్పుకోవాలి. ఆ రోజు నువ్వడిగింది నేను రాయలేదు. రాశానని అబద్ధమాడాను."

"తెలుసు. నీ యేళ్లు ఆగిపోనాయి కదా, సూసినాను."

"తెలిసీ ఎందుకడిగావు?"

"నువ్వేటంతావో సూద్దారని." నవ్వింది. ఆ నవ్వు ముందు నా ముప్ఫై రెండేళ్ల సర్వీసు ఎందుకూ కొరగాకుండా పోయింది.

అప్పుడు తాతారావు సంగతి చెప్పాను. యంత్రం సంగతీ చెప్పాను. ఆవిడ జీడిపిక్కలు వలిచినట్టే నా మాటలూ ఒక్కొక్కటి వలుచుకుంటూ వింది.

"ఆయన పోనాడని నాకు తెలుసమ్మా. నేను పిచ్చిదాన్ని కాదు. ఎక్కడ పోనాడో తెల్దు. సోటు తెల్దు గాబట్టి సముద్రం మొత్తం ఆయనే అయిపోనాడు. ఏ అల సూసినా ఆయన మీంచి వొచ్చినట్టుంతాది. సేపని కొయ్యలేను, కూర వొండలేను. ఈ తలుపు తియ్యలేను. పుట్టిన కాడ్నుంచి నాదనుకున్న సముద్రం నాలుగేళ్లయి నాకు లేదు. ఒక్క సోటు సెప్పమను. అక్కడికెళ్లి దండం పెట్టుకుంతాను. మిగతా సముద్రం నాకు మిగులుతాది."

బస్సులో తిరిగొస్తూ కిటికీలోంచి సముద్రం కనిపిస్తే నేను తల తిప్పేసుకున్నాను.

ఎదురెదురుగా కూర్చోబెట్టే ముందు ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. అది మా పద్ధతి. తాతారావు చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. జైలు నుంచి వచ్చాక బోటెక్కలేదట. ముప్ఫై నాలుగేళ్ల మనిషికి నలభై అయిదు కనిపిస్తున్నాయి.

"నీళ్లలో ఎవర్నీ చూడలేదన్నావు కదా కోర్టులో" అన్నాను.

"చూసేనండి." తల ఎత్తలేదు. "వకీలుగారు అలా చెప్పమన్నారండి. చెప్పేసేనండి. ఎదురెండ కళ్లలో పడి తెప్ప కనపళ్లేదండి, అది నిజం. గుద్దేక ఇంజను తగ్గించి వెనక్కి తిరిగి చూసేను. ముప్ఫై గజాల్లో ఉన్నాడండి ఆయన, తెప్ప ముక్క పట్టుకుని. తాడు చేతిలోకి తీసుకున్నానండి. ఈలోగా ఓనరు వైర్‌లెస్సులో అరిచేడు, హద్దులో ఉన్నారు, గస్తీ వాళ్లొస్తే బోటు పోద్ది, వచ్చేయమని. ఎనకాల చిన్న పడవలు వస్తాయిలే, ఎవరో ఎక్కించుకుంటారులే అనుకున్నానండి. తాడు కింద పడేసి ఎల్లిపోయేనండి."

"ఎవరూ రాలేదు."

"తెలుసండి."

తరవాత గొంతు తగ్గించి చెప్పాడు. "ఆయన నన్ను శపించేడండి. కొండల వైపు తిరిగి చెయ్యెత్తేడు. మళ్లీ ఇంకోవైపు తిరిగి ఎత్తేడు. అప్పుడు నా వైపు తిరిగి వేలు చూపించి ఏదో అన్నాడండి. ఇంజను చప్పుడులో మాట వినపళ్లేదు. కొండల్ని సాక్షి పెట్టి శపించేడండి. మా ఆవిడకి రెండుసార్లు కడుపు పోయింది. నా చెయ్యి చూడండి, ఎలా వణుకుతుందో. తీసేయండమ్మా ఆ జ్ఞాపకాన్ని. ఆవిడకి కావాలంటే ఆవిడకే ఇచ్చేయండి. నాకు నిద్ర కావాలి."

జాలి వేసింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. "నీ నిద్ర కోసం ఆవిడ నిద్ర పాడుచెయ్యాలా?" అనేశాను. మధ్యవర్తి అలా అనకూడదు. అన్నాను. అతను దిమ్మ భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. రాడేమో అనుకున్నాను.

వచ్చాడు. శుక్రవారం పొద్దున్న, చెప్పిన టైముకు పావుగంట ముందే.

మా గదిలో బల్ల ఉండదు. బల్ల ఉంటే కోర్టులా అనిపిస్తుంది. నాలుగు కుర్చీలు వేశాను. పక్క గదిలో చేద సిద్ధంగా ఉంది. ఆ గుమ్మంలో విద్యుల్లత నిలబడింది. ఆమెకది మూడేళ్ల శ్రమ. ఒక నేరం తాలూకు జ్ఞాపకాన్ని మొదటిసారి చెయ్యి మార్చబోతోంది.

పోలమ్మ ఉతికిన నేత చీర కట్టుకుని వచ్చింది. తాతారావు లేచి నిలబడ్డాడు. ఆవిడ కూర్చున్నాక కూడా కూర్చోలేదు.

"కూకో బాబూ. నిలబడితే మెడ నొప్పెడతాది నాకు."

కూర్చున్నాడు. నేను పోలమ్మ వైపు తిరిగి చెప్పాను. "నువ్వడుగు. ఇక్కడ ఎవరూ ఆపరు."

అదే ప్రశ్న అడిగింది. అక్షరం మారలేదు. "మా ఆయన్ని ఎక్కడ ఒదిలీసినావో ఆ సోటు ఒక్కటి సెప్పు."

"తెలీదండి" అన్నాడు తాతారావు. "దేవుడి మీద ఒట్టండి. పెట్టె పారేసేరు. మాది చదును నేల, ఒడ్డున కొబ్బరి చెట్లు తప్ప ఏమీ ఉండవండి. మాకు పెట్టె చూపించిందే దారి. ఈ కొండలన్నీ నాకు ఒకలాగే ఉంటాయి."

పోలమ్మ ముఖం వాడిపోయింది. నాలుగేళ్లు ఎదురుచూసి వస్తే దొరికింది ఇదన్నమాట. విద్యుల్లత ఒక అడుగు ముందుకేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"తాతారావూ, జరిగింది జరిగినట్టు ఆవిడకి చెప్పు. నాకు చెప్పావు చూడు, అలా."

చెప్పాడు. ఎదురెండ, తాడు, వైర్‌లెస్సు, ఏదీ దాచలేదు. పోలమ్మ కళ్ల నుంచి ధారలు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చివరికి శాపం దగ్గరికొచ్చాడు. మాటల్లో చెప్పలేక లేచి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి చెక్కను పట్టుకున్నట్టు పెట్టాడు. కుడి చెయ్యి బారుగా చాచాడు. పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టాడు. ఒక కన్ను మూశాడు.

"ఇలా చూసి శపించేడండి, ముందు ఇటు, తరవాత..."

"ఆగు!"

పోలమ్మ అరుపుకు నేను అదిరిపడ్డాను. కుర్చీలోంచి లేచి వెళ్లి అతని మణికట్టు పట్టుకుంది. ఆ బొటనవేలిని చూస్తూ ఉండిపోయింది. ఏడుస్తున్న మనిషి నవ్వడం మొదలుపెట్టింది. మళ్లీ ఏడ్చింది.

"సాపం కాదురా సన్నాసీ! గురుతు కట్టినాడురా!"

మా ముగ్గురికీ అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. సముద్రంలో సోటు గుర్తుపెట్టుకోడానికి వాళ్ల మగాళ్లకు పెట్టె అక్కర్లేదు. బొటనవేలు అడ్డం పెట్టి, ఒక కన్ను మూసి, ఒడ్డు మీద దగ్గరి వస్తువు ఏ కొండ భాగానికి సరిగ్గా కింద పడుతోందో చూస్తారు. అదొక గీత. ఇంకోవైపు తిరిగి ఇంకో గీత. రెండు గీతలు కలిసిన చోటే సోటు. వల తెగినా, పడవ మునిగినా వేటగాడు చేసే మొదటి పని అదే. తండ్రి కొడుకుకు తప్ప ఇంకొకరికి చెప్పడు. కొడుకులు లేని కొర్లయ్య సాయంత్రాలు వల బాగుచేసుకుంటూ, ఇసకలో చీపురుపుల్లతో గీసి, పెళ్లానికి చెప్పాడు.

"సచ్చిపోతా కూడా గురుతు కట్టినాడమ్మా మా ఆయన" అంది నాతో, ఏదో పందెం గెలిచినట్టు. "సెప్పు బాబూ, బొటనేలు ఏ కొండ మీద ఆనింది?"

తాతారావు కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. "కొండండి... పక్కన ఇంకో కొండ... తెలీదండి, తల్లీ. ఆ చేతినే చూసేను, కొండల్ని చూళ్లేదు."

"చూశావు" అంది విద్యుల్లత గుమ్మంలోంచి. "నీ కళ్లు చూశాయి. అంతా లోపల ఉంటుంది. పోలమ్మగారూ, మీరు టోపీ పెట్టుకుంటే రెండు నిమిషాల్లో ఆ కొండలు మీకే కనిపిస్తాయి."

"ఆ కొండలతోపాటు ఇంకేటి కనపడతాది?"

విద్యుల్లత తడబడింది. "ఆ... ఆ పొద్దున్న జరిగినదంతా."

"మా ఆయన మొకం. ఈ బాబు తాడు ఒదిలీడం. మా ఆయన్ని ఒదిలి ఎల్లిపోడం. అది సచ్చేదాకా నా కళ్లలో ఉంతాది, నేనే ఒదిలీసినట్టు. ఈ బాబు మరిసిపోయి ఇంటికెళ్లిపోతాడు. అంతే కదా?"

"అంతే" అన్నాను నేను, విద్యుల్లత నోరు తెరవకముందే.

"నాకొద్దు. నాకు సోటు గావాల. ఆడి బరువు నాకెందుకు?"

నాకు విద్యుల్లత మొదటి రోజు చెప్పింది గుర్తొచ్చింది. రెండు దశలు. "అమ్మాయ్, మొదటి దశ చేసి ఆపెయ్యొచ్చా? పైకి తేల్చి, అందించకుండా?"

"ఆపొచ్చు. కానీ..." తాతారావును చూసింది. "జ్ఞాపకాలు మామూలుగా రోజురోజుకీ కొంచెం మసకబారతాయి. ఒకసారి పైకి తేలింది మళ్లీ అడుక్కి దిగదు. ఎవరికీ అందించకపోతే ఇతనికి ముప్ఫై ఏళ్లయినా నిన్న జరిగినట్టే ఉంటుంది. ఇతను వచ్చింది వదిలించుకోడానికి. మనం అడుగుతున్నది దానికి సరిగ్గా ఎదురు."

ఆ మాట తాతారావుకు అర్థమైంది. పోలమ్మ అతని మణికట్టు వదిలేసింది.

"బలవంతం లేదు బాబూ" అంది. "అది సాపం కాదని నువ్వు తెలుసుకున్నావు. అది మోసుకుపో. నాకు కోపం లేదనను. ఉంది. కానీ నిన్ను కట్టీసి సేయించుకోను."

తాతారావు బయటికెళ్లాడు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. వేపచెట్టు కింద ఫోనులో మాట్లాడాడు, భార్యతో కావచ్చు. ఒకసారి గేటు దాకా నడిచాడు. నేను లోపల వేళ్లు నలుపుకుంటున్నాను. గేటు తెరుచుకున్న చప్పుడైంది. ఐపోయింది అనుకున్నాను. ఎవరో స్కూటరు మీద వచ్చారంతే. తాతారావు వెనక్కి వచ్చి చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చేద ఉన్న గదిలోకి నడిచాడు.

"టోపీ ఏదండి?" అన్నాడు.

రెండో కుర్చీ ఖాళీగా ఉంచి, దాని పక్కన స్టూలు వేసుకుని పోలమ్మ కూర్చుంది. తీగల్లో చిన్న మూలుగు మొదలైంది. తాతారావు శరీరం ఒక్కసారి బిగుసుకుంది. తరవాత కుర్చీ చేతులు పట్టుకుని ఊగసాగాడు, కాళ్ల కింద పడవ ఉన్నట్టు.

"ఇంజను... వాసన... ఉన్నాడండి, ఉన్నాడండి, చూస్తున్నాడు..."

"ఆయన్ని సూడకు" అంది పోలమ్మ. "ఆయన బొటనేలు సూడు. దాని ఎనకాల ఏటుంది?"

"కొండ... రెండు మూపులు. ఒకటి పెద్దది. మధ్యలో పల్లం."

"ఆ పల్లంలో ఏటన్నా నిలబడిందా?"

"తెల్లగా... సన్నగా. లైటుహౌసండి. సరిగ్గా పల్లంలో నిలబడింది."

పోలమ్మ కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. "సెయ్యి తిప్పినాడా?"

"తిప్పేడు. ఇంకోవైపుకి. ఎర్రగా ఉందండి నేలంతా."

"ఎర్రమట్టి దిబ్బలు. బొటనేలు దిబ్బ మొదట్లో ఉందా, సివర్లోనా?"

"ఎడం చివర. పైన నీళ్ల ట్యాంకుంది. ట్యాంకు దిబ్బ చివర అంచున కూర్చున్నట్టుంది."

పోలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "నల్లపార. ఓలమ్మ, నల్లపార! మా మాంగారు కనిపెట్టిన పారమ్మా." నీళ్లడుగున రాతిమెట్టను వాళ్లు పార అంటారు. చేపలు గుమిగూడే చోటు. కొర్లయ్య తండ్రి చూపించిన సొంత సోటులోనే మునిగాడు.

విద్యుల్లత మీట వైపు చెయ్యి పెట్టింది. తాతారావు తల అడ్డంగా ఊపాడు. "ఉండండి. నా వైపు తిరిగేడు. వేలు చూపించేడు. ఏదో అంటున్నాడండి. ఇంజను తగ్గించి ఉంది... వినపడుతుంది... అప్పుడు భయంతో వినలేదండి, ఇప్పుడు వినపడుతుంది..." పెద్ద మనిషి పసిపిల్లాడిలా వెక్కాడు. "'మావోలకి సెప్పు' అంటున్నాడండి. 'మావోలకి సెప్పు, బాబూ.' అంతేనండి. రెండుసార్లన్నాడు."

యంత్రం ఆగింది. పోలమ్మ చాలాసేపు అతని భుజం మీద చెయ్యేసి కూర్చుంది. ఓదార్చడానికి కాదు. తను కూలిపోకుండా పట్టుకున్నట్టుంది.

"సెప్పీసినావు కదా" అంది చివరికి. "ఆలీసంగా సెప్పినావు. సెప్పినావు."

మరుసటి సోమవారం పొద్దున్న కొర్లయ్య తమ్ముడి తెప్ప మీద బయల్దేరాం. నన్ను రావద్దనే అన్నారు. మొండికేశాను. అరగంటలో తల ప్రాణం తోకకొచ్చింది. తిన్న రెండిడ్లీలూ సముద్రానికి సమర్పించుకున్నాను. పోలమ్మ నా వీపు రాస్తూ పడీపడీ నవ్వింది. తాతారావు వెనక కూర్చున్నాడు. పోలమ్మే రమ్మంది. లైటుహౌసు మెల్లగా పల్లంలోకి జరిగింది. నీళ్ల ట్యాంకు దిబ్బ అంచుకు చేరింది. తాతారావు చెయ్యి చాచి, కన్ను మూసి, "ఇక్కడేనండి" అన్నాడు. అతని చెయ్యి వణకలేదు.

పోలమ్మ సంచిలోంచి ఒక తువ్వాలు తీసింది. వేట నుంచి తడిసి వచ్చే మొగుడికి రోజూ గుమ్మంలో ఆరేసి ఉంచే పొడి తువ్వాలు. నాలుగేళ్లుగా ఆరే ఉంది. రాయి కట్టి వదిలింది. కనిపించినంతసేపు చూసింది. తరవాత నీళ్లలో చెయ్యి ముంచి ముఖం కడుక్కుంది. నాలుగేళ్లలో సముద్రాన్ని ముట్టుకోవడం అదే మొదలు.

తిరుగు దారిలో ఒప్పందం చెప్పింది. క్షమించానని ఎక్కడా రాయొద్దంది. తాతారావు రేవులో ప్రతి కొత్త సరంగునూ కలవాలి. ఈ కథ తన నోటితో చెప్పాలి. బొటనవేలు చాచిన మనిషి శపించడం లేదని, అడుగుతున్నాడని చెప్పాలి. "మరిసిపోకుండా ఉండేది నువ్వొక్కడివే కదా. నీకంటే బాగా ఎవుడు సెప్పగలడు?" తాతారావు తలూపాడు. ఇప్పటికి నలభై మందికి చెప్పాడు. నిద్ర ఇంకా సరిగ్గా పట్టదట. కానీ బోటెక్కుతున్నాడు. విద్యుల్లత రెండో దశకు తాళం వేసి, చెవి నా దగ్గర పెట్టింది. ఆదివారాలు వాళ్ల నాన్న పక్కన కూర్చుని, వాన పడిన ఆ రోజును ఆయనకే కథగా చెబుతోంది. మూడోవారానికి, "చెప్పు తెగిందన్నావు, ఏ కాలిదమ్మా?" అని ఆయనే అడిగారట.

ఆ సోమవారం ఒడ్డుకు చేరాక పోలమ్మ ఇంటికెళ్లాం. కార్ఖానా నుంచి తెచ్చిన ఇనప ముక్కతో సముద్రం వైపు తలుపు మేకులు పీకింది. గాలి దభీమని లోపలికొచ్చింది. గుమ్మంలో కూలబడి నా వైపు చూసింది.

"అమ్మా, నేనడిగింది రాసినావా?"

"రాశానమ్మా." సంచిలోంచి కాగితం తీశాను.

"సదువు."

చదివాను. ప్రశ్న, జవాబు. రెండు మూపుల మధ్య పల్లంలో లైటుహౌసు, ఎర్రదిబ్బ ఎడమ అంచున నీళ్ల ట్యాంకు. ఆవిడ శ్రద్ధగా వింది.

"పీడబ్ల్యూ అనీ, ఏ వన్ అనీ రాసినావేటి?"

అలవాటు చొప్పున అలాగే టైపు చేశాను. సిగ్గేసింది. పెన్ను తీసి కొట్టేశాను. ఆవిడ చెబుతుంటే చేత్తో రాశాను.

అడిగింది, మైలపిల్లి పోలమ్మ. చెప్పింది, ఓలేటి తాతారావు. చెప్పమన్నది, మైలపిల్లి కొర్లయ్య.